నూతికిని గోతికిని నడుమ

మన యింట మడినీరు తోడుకొను నూతికిని, మన మఱుగుదొడ్డి గోతికిని నడుమ నెన్ని యడుగుల దూరము కలదో కొలిచి చూచినవారు ఈ పత్రిక చదువు గృహస్థులలో నెందరుందురు? నేనును నలువది యేండ్లు దాటువరకు కొలువలేదు. పోయిన వేసవిలో బడికి సెలవులిచ్చిన పిదప, టెక్కలిలోని మా యింటి పెరటిలో టేపు పట్టి కొలిచితిని. 22 అడుగు లున్నది. ప్రక్కయింటివారి గొయ్యి మా నూతికి మా గోతికంటెను దగ్గరగా నున్నది. నడుమ నొక యిటుకగోడ మాత్రమే యడ్డము. ఆ గోడ నేలమీద నున్నది గాని నేలలోపల లేదు. సెప్టిక్ ట్యాంకులనుగూర్చి భారతీయ ప్రమాణముల సంస్థవారు 1985లో ప్రకటించిన నియమావళిలో, ట్యాంకునుండి వెలువడు నీటిని నేలలో నింకించు చోటు త్రాగునీటి నూతికి 18 మీటర్లు, అనగా సుమారు 60 అడుగులు, దూరముగా నుండవలెనని యున్నది.

ఈ యిల్లు కట్టించినప్పుడు శాస్త్రము చూడకపోలేదు. ఈశాన్యమున నుయ్యి, వాయవ్యమున గొయ్యి యని వాస్తు చూచినవారు చెప్పిరి. మే మట్లే చేసితిమి. దిక్కులు సరిపోయినవి. ముప్పది యడుగుల వెడల్పుగల స్థలములో ఈశాన్యమునకును వాయవ్యమునకును నడుమ నెంత దూరము మిగులునో ఆయన యడుగలేదు, నేనును లెక్కింపలేదు. ఇంగ్లీషు చదివితిని, సంస్కృతము చదివితిని, పిల్లలకు లెక్కలు కూడ నప్పుడప్పుడు చెప్పుచుందును. అయినను తాపీమేస్త్రి "గొయ్యి దూరముగా తియ్యవలెనంటే వంటయిల్లు జరుపవలెను మాస్టారూ" అన్నప్పుడు వంటయింటినే నిలుపుకొంటిని.

మా యమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున ఆ నూతినీటితోడనే స్నానము చేసి, తడిబట్టతో నెవ్వరిని ముట్టుకొనక, దేవునికి నైవేద్యము వండును. నేను కొలిచిన సంగతి చెప్పగా, "పాఱే నీటికి మైల లేదురా నాయనా" యని నవ్వి యూరకుండెను. ఆమె మాట యొక విధముగా నిజమే. నీరు పాఱుచునే యున్నది, గోతినుండి నూతికి. నీటిలో మలమూత్రములను విడువరాదని మనుస్మృతి నాలుగవ యధ్యాయము స్పష్టముగా నిషేధించుచున్నది. ఆ నిషేధము నెఱిగినవారు చెఱువుగట్టున గూర్చుండు పేదవానిని దూషింతురే గాని, తమ పెరటిలో, తమ నూతిలోనే, తామే ఆ పని చేయుచున్నామని తలంపరు. కూలివాడు ముట్టుకొన్న బిందెను మూడుసార్లు తోము నిల్లాలు, ఆ బిందెలోనికి వచ్చు నీరెక్కడనుండి వచ్చుచున్నదో విచారింపదు. మన మడి యంతయు కంటికి గనబడు మైలకే గాని కనబడని మైలకు గాదు.

సెప్టిక్ ట్యాంకన నేమి? రెండు గదుల తొట్టి. మొదటి గదిలో బరువైనది క్రిందికి దిగును. తేలికయైనది తెట్టుగట్టి పైకి దేలును. నడిమి నీరు రెండవ గదికిని, అచ్చటినుండి వెలుపలికిని బోవును. గాలి సోకని చోట బ్రదుకు సూక్ష్మజీవులు అడుగున బడిన మడ్డిని కొంతవరకు జీర్ణింపజేయును. ఇంతియే దాని పని. వెలుపలికి వచ్చు నీరు చూపునకు గొంత తేటగా నున్నను శుద్ధమైనది కాదు. అతిసారమును, టైఫాయిడును, కామెరలను గలిగించు క్రిములు దానిలో నింకను సజీవములై యుండును. వానిని హరింపవలసినది నేల. పొడినేలలో నీరు మెల్లమెల్లగా దిగునప్పుడు నేల దానిని వడగట్టును. పనిలో సగము తొట్టిది, సగము నేలది. నేల తన సగము చేయలేని చోట, అనగా అడుగునీరు పైకి వచ్చిన చోట, లేక గోతులు నూతులు క్రిక్కిఱిసిన చోట, సెప్టిక్ ట్యాంకు వట్టి కంటితుడుపు.

మన యూళ్లలో ఆ పేరుతో బిలువబడునవి పెక్కులు తొట్టి చేయవలసిన సగమును గూడ చేయునవి కావు. అడుగున గచ్చు లేక నాలుగు సిమెంటువరలు దింపి మూత వేసిన గోతిని కొందఱు సెప్టిక్ ట్యాంకందురు. మఱికొందఱు తొట్టిని సరిగానే కట్టించి, ఇంకుడుగొయ్యి త్రవ్వుటకు చోటు చాలక, గొట్టమును వీథికాలువలోనికి ద్రిప్పుదురు. నట్టింటికి పాలరాయి తెప్పించిన గృహస్థుడు ఇంకుడుగోతికి రెండు బండ్ల కంకర తెప్పించుటకు వెనుదీయును. ఏలయన, పాలరాతిని చుట్టములు చూతురు. రెండుమూడేండ్ల కొకసారి మడ్డి తీయింపవలెనను నియమము మాట చెప్పనక్కఱలేదు. పొంగి పెరటిలోనికి వచ్చిన దినమున గాని మనకు ట్యాంకు జ్ఞప్తికి రాదు.

కావున గోతులను మాన్పించి భూమిలో మురుగుగొట్టములు వేయింపవలెనని చదువుకొన్నవా రందఱును గోరుచున్నారు. కోరిక మంచిదే. కాని యే యూరికిని ఒక్కసారిగా అన్ని వీథులకును వేయుటకు ధనము చాలదు. ఎవరి వీథికి ముందు, ఎవరి వీథికి వెనుక? అసలు ప్రశ్న యిది. దీనిని మనము ఇంజనీర్లకు విడిచిపెట్టి నిద్రపోవుచున్నాము. గొట్టపు వాలు ఎంత యుండవలెనో ఇంజనీరు చెప్పును. ఎవరి బిడ్డ ముందు మంచినీరు త్రాగవలెనో చెప్పుట ఆయన పని కాదు.

ఇంతవరకు మన పట్టణములలో సాగుచున్న వరుస యేదో చూడుడు. ముందు పెద్దబజారు, పిదప కచేరీలు, అధికారుల నివాసములు, పిదప పెద్దమనుష్యులు ఇండ్లు కట్టుకొన్న క్రొత్త పేటలు. ఊరిచివరి పల్లెలు, హరిజనవాడలు, రైలుకట్ట నానుకొన్న గుడిసెలు "రెండవ విడత" లోనికి బోవును. ఆ రెండవ విడత తరచుగా కాగితముమీదనే ముసలిదగును. కారణ మడిగినచో, పెద్దవీథి వెడల్పుగా నున్నది గావున త్రవ్వుట సులభమందురు. అచ్చటివారు రుసుము చెల్లింపగల రందురు. రెండును నిజములే. ఐదేసి సెంట్ల స్థలములలో తోటలు పెంచుకొను నిండ్లవారికి గొయ్యి వలన కలుగు కీడు తక్కువ, రుసుము చెల్లించు శక్తి యెక్కువ. సెంటు స్థలములో నుయ్యి, గొయ్యి, పొయ్యి మూడును కుక్కుకొన్నవారికి కీడెక్కువ, శక్తి తక్కువ. శక్తిని బట్టి వరుస నేర్పఱచినచో నది కీడునకు సరిగా తలక్రిందులగును.

ఊరిలోపల నిట్లుండగా, ఊళ్ల నడుమ వరుస జనసంఖ్యను బట్టి యేర్పడినది. 2015 జూనులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన అమృత్ పథకము ముఖ్యముగా లక్షకు మించిన జనముగల పట్టణములకు, మొత్తము 500 నగరములకు, ఉద్దేశింపబడినది. 2021 అక్టోబరులో దాని రెండవ విడత వచ్చినప్పుడు మంచినీటికి పట్టణములన్నిటిని జేర్చిరి గాని, మురుగుగొట్టములకు మాత్రము ఆ 500 నగరములనే నిలిపిరి. 2011 జనగణనలో పలాస కాశీబుగ్గ జనము 57 వేలు. టెక్కలి జనము ఇంచుమించు 28 వేలు. జనగణనవారు దానిని పట్టణముగా లెక్కించిరి గాని పాలనలో నది అప్పుడు పంచాయితీయే. లెక్కలకు పట్టణము, లెక్కలోనికి వచ్చు సొమ్మునకు పల్లె! చిన్న పట్టణముల వాడుకనీటి కొఱకు స్వచ్ఛభారతము రెండవ విడతలో గొంత చోటు కల్పించిన మాట నేను మఱువలేదు. కాని యచ్చటను ఊరిలో నే వీథి ముందను ప్రశ్న యట్లే నిలిచియున్నది. నేల యడుగున నున్న నీటికి జనగణన తెలియదు.

ఇట్టి వరుస యేమి చేయునో లండను నగర చరిత్రము చెప్పుచున్నది. 1848, 49 సంవత్సరములలో ఆ నగరమున కలరాచే సుమారు 14 వేలమంది మరణించిరి. 1854లో జాన్ స్నో యను వైద్యుడు బ్రాడ్ వీథిలోని యొక చేతిపంపు చుట్టును చచ్చినవారి యిండ్లను గుర్తించి, వ్యాధి నీటివలన వచ్చుచున్నదని చూపెను. ఆ పంపు ప్రక్కనే యొక యింటి మలకూపము కారుచుండెనని పిదప తేలినది. నూతికిని గోతికిని నడుమ కథయే యదియును. ఇంత జరిగినను పార్లమెంటు కదలలేదు. 1858 వేసవిలో థేమ్సు నది కంపు పార్లమెంటు భవనపు కిటికీలగుండ లోనికి వచ్చెను. తెరలను సున్నపు ద్రావకములో తడిపి వ్రేలాడదీసినను సభ్యులు కూర్చుండలేకపోయిరి. అప్పుడు కొలదివారములలోనే చట్టము పుట్టినది, ధనము దొరకినది, బాజల్జెట్ అను ఇంజనీరు గొప్ప కాలువలను కట్ట నారంభించెను. వేలకొలది శవములు చేయలేని పనిని దుర్గంధము చేసినది. శవములు పేదలవి, ముక్కులు ప్రభువులవి. తరువాతి సంగతి మఱింత గమనింపదగినది. 1866లో కలరా మరల వచ్చెను. కాలువలు పూర్తియైన భాగములను చాలవఱకు విడిచి, ఇంకను పూర్తికాని తూర్పులండనులో, అనగా కూలివారి పేటలలో, అయిదువేల మందికి పైగా చంపెను. వరుసలో చివర నుంచబడినవారు ఆ యాలస్యమునకు ప్రాణములతో వెల చెల్లించిరి.

మఱి దేనిని బట్టి వరుస నేర్పఱుపవలెను? నా యభిప్రాయము నిస్సంకోచముగా జెప్పెదను. ప్రతి వీథికిని మూడు సంగతులు కొలువవలెను: వానకాలములో అడుగునీరు ఎన్ని యడుగుల లోతున నుండును, గోతులు నూతులకును చేతిపంపులకును ఎంత చేరువ నున్నవి, ఆ నీటిని త్రాగక గతిలేని కుటుంబము లెన్ని. ఈ మూటిలో నేది హీనముగా నున్న వీథికి ఆ వీథికి ముందుగా గొట్టము పోవలెను. రోడ్డు వెడల్పు, యింటిపన్ను, నివసించువారి హోదా వరుసలో లెక్కకు రాగూడదు. ఇది కవిత్వమని నవ్వు పెద్దలకు నొక మాట. అమెరికాలోని ఫ్లోరిడా తీరమున మయామీ పట్టణముగల జిల్లాలో లక్షకు పైగా సెప్టిక్ ట్యాంకు లున్నవి. ఆ జిల్లావారు 2018లో అడుగునీటి మట్టమును, సముద్రమట్టపు పెరుగుదలను లెక్కవేసి, 2040 నాటికి వానిలో నూటికి 64 పాళ్లు ఏటేట నేదో యొక కాలమున చెడుటకు అవకాశము కలదని తేల్చి, ఏ ప్రాంతపు ట్యాంకులు ముందు చెడునో పటముమీద గుర్తించిరి. ధనికదేశమున గూడ నీటిమట్టమే కొలబద్ద యైనది. మన యుద్దానపు తీరమును సముద్రతీరమే; మన యిసుకయు నీటిని వడిగా దిగనిచ్చు నిసుకయే.

ఉద్దానము మాట వచ్చినది గనుక దానిని విడిచి ముందునకు పోలేను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడి, పనస తోటల నీడను బ్రదుకు జనమును మూత్రపిండవ్యాధి యెట్లు పీడించుచున్నదో దేశమంతయు నెఱుగును. దాని కారణమును శాస్త్రజ్ఞు లింకను నిర్ణయింపలేదు. ఆ పాపమును మఱుగుదొడ్ల గోతులమీద మోపువారు కొందఱున్నారు, వారితో నేనేకీభవింపను. నిర్ధారణ కాని కారణమును జూపి ఒక మంచిపనిని సమర్థించుట ఆ పనికే చేటు. నేను చెప్పదలచినది వేఱు. ఆ వ్యాధి భయముచేత, హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని ఆ యేడు మండలములకును గొట్టములద్వారా తెచ్చు పథకము సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మింపబడి, 2023 డిసెంబరు 14వ తేదీని ప్రారంభింపబడినది. చాల మంచిపని. కాని యింటికి వచ్చిన నీటిలో నూటికి 80 పాళ్లు మురుగై మరల వెలుపలికి పోవునని ఇంజనీర్ల లెక్క. లోనికి గొట్టము వేసితిమి, వెలుపలికో? బిందెతో తోడునప్పుడు రెండు బిందెలు పోసిన చోట, కుళాయి వచ్చిన పిదప పది బిందెలు పోయుదుము. ఆ నీరంతయు నదే గోతిలోనికి దిగి, దానిలోని మురికిని మునుపటికంటె వడిగా, మునుపటికంటె దూరముగా దోయును.

కుళాయి వచ్చినచోట నూతితో పనియేమి యని యడుగువారు 2018 అక్టోబరు 11వ తేదీని దలచుకొందురు గాక. తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటిన ఆ దినమునుండి చాల యూళ్లలో ఎన్నో దినములు విద్యుత్తు లేదు. మోటార్లు నిలిచినవి, కుళాయి లెండినవి. జనము నూతులకే మరలిపోయిరి. ఆపదకాలమున మిగులు నీరు నూతినీరే. దానిని చెఱచుకొని కుళాయిని నమ్ముట, తల్లిని వెడలగొట్టి దాదిని నమ్ముట.

అయితే ఉద్దానమంతటను మురుగుగొట్టములు వేయుడని నేను కోరుచున్నానా? లేదు. ఇచ్చట నా వాదమునకు మిత్రులు కొందఱు నొచ్చుకొందురు. మురుగు గొట్టములో నిలువక కదలవలెనన్న నీరు పుష్కలముగా నుండవలెను. మనిషికి దినమునకు 135 లీటర్లయిన నుండవలెనని పట్టణముల నియమము. పల్లెలకు జలజీవన పథకము సంకల్పించినది 55 లీటర్లు. చాలని నీటితో గొట్టము వేసిన నది పాఱదు, పూడును. చదునైన తీరభూమిలో వాలు దొరకక, మురుగును యంత్రములతో నెత్తి పోయవలసియుండును. తుపానునాడు యంత్రము నిలిచినచో మురుగు వీథిలోనికే తిరిగి వచ్చును. తోటలో నొంటరిగా నున్న యింటికి రెండుగోతుల మఱుగుదొడ్డి, నూతికి తగిన దూరములో, సరిగా కట్టినచో చాలును; ఒక గొయ్యి నిండగా రెండవదాని వాడుచుండగా, మొదటిది ఎండి యెరువగును. అట్టి యింటికి గొట్టము వేయుటకు బెట్టు ధనము, పలాసలో జీడిపప్పు కార్ఖానాల చుట్టును ఒకదాని నొకటి యానుకొన్న కూలివారి యిండ్లనుండి యపహరించిన ధనమే. అందఱికి గొట్టము కావలెనను నినాదము వినుటకు సమత్వమువలె నుండును; ఆచరణలో నది ముందున్నవారికి ముందు, వెనుకనున్నవారికి ఎన్నడును లేదు అని యర్థమగును.

గొట్టములు వచ్చుదాక గోతుల నేమి చేయుదుము? మడ్డి తీయింపవలెను. ఎవరిచేత? ఈ ప్రశ్నయొద్ద మన సంస్కారము బయటపడును. మనుష్యులను గోతులలోనికి దింపి శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. గోతులలోను మురుగుకాలువలలోను 1993 మొదలు మరణించినవారి కుటుంబములకు పదేసి లక్షల రూపాయ లీయవలసినదని 2014 మార్చి 27వ తేదీని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023 అక్టోబరు 20వ తేదీని ఆ పరిహారమును ముప్పది లక్షలకు పెంచెను. కోలారు బంగారుగనులలో పారిశుద్ధ్యపు పనివారి యింట బుట్టిన తెలుగుబిడ్డ బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళనమును నడపి, ఈ పని జాతిచేత నిర్ణయింపబడిన దాస్యమని దేశమునకు జాటి చెప్పెను. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారము లభించినది. మూతపడిన గోతిలో హైడ్రోజను సల్ఫైడను విషవాయువు నిలిచియుండును. దిగినవాడు కేక వేయుటకు ముందే స్పృహ తప్పును. వానిని దీయదిగిన వాడును పడిపోవును. "కూలికి ఒప్పుకొన్నాడు గదా" యను గృహస్థుడు చట్టము దృష్టిలో నేరస్థుడు. నా దృష్టిలో మఱియు నెక్కువ.

మా వీథిలో మడ్డిని యంత్రముతో పీల్చు ట్యాంకరులారీ యిప్పుడు వచ్చుచున్నది, అది మేలు. మొన్న అది మా యింటికి వచ్చినప్పుడు గొట్టము పట్టుకొన్న యువకుని నేను, "బాబూ, దీని నెక్కడ పోయుదువు?" అని యడిగితిని. అతడు లారీ యజమాని వైపొకసారి చూచి, "ఎవరూ చూడని కాడ మాస్టారూ" అనెను. ఎవరును చూడని చోటనగా ఊరివెలుపలి గెడ్డ. లేకున్న నెవరిదో పొలము. ఆ గెడ్డ దిగువను పశువులు నీరు త్రాగును, పిల్లలు స్నానము చేయుదురు. మా పెరటి మైలను రుసుమిచ్చి దిగువపల్లెకు బంపితిమి. వరంగల్లులోను నరసాపురములోను ఇట్టి మడ్డిని శుద్ధిచేయు కేంద్రములను నెలకొల్పిరి. అట్టిదొకటి టెక్కలి, పలాసల నడుమ నెలకొల్పి, లారీవాడు అచ్చట పోసినట్లు రసీదు చూపిననే కూలి యిచ్చు నేర్పాటు చేయుటకు గొట్టములంత ధనమును గాని కాలమును గాని యక్కఱలేదు. వరుసలో నిది అన్ని వీథులకంటె ముందు.

ఇంక గృహస్థులమైన మన దోష మొకటి కలదు. గొట్టములు వేసిన పట్టణములలో సైతము వీథిగొట్టమునకు తమ యింటి గొట్టమును గలుపుకొననివారు పెక్కుమంది. ట్యాంకు బాగుగనే యున్నది, గచ్చు పగులగొట్టవలెను, రుసుము కట్టవలెను, వచ్చు నేడు చూతము, అందురు. ప్రభుత్వము కోట్లు వెచ్చించి వేసిన గొట్టము పొడిగా పడియుండును, గోయి యెప్పటివలె నూతిలోనికి కారుచుండును. కలిగినవారు కలుపుకొననిచో దండన విధింపవలెను. లేనివారికి ఆ కలుపుట ప్రభుత్వమే యుచితముగా చేయవలెను. ఇరువురికిని ఒకే రుసుము న్యాయమను వాదమును పన్ను చెల్లించు సంఘములలో నేను వినియున్నాను. ఆ సంఘములలో నేనును సభ్యుడనే.

సెలవులలో మిగిలిన దినములను ఇద్దఱు మిత్రులైన యుపాధ్యాయులతో గూడి టేపు పట్టుకొని వీథులు తిరిగితిని. కొందఱు తలుపు తీసిరి; కొందఱు, పన్ను పెంచుటకు వచ్చితిమని తలచి, తీయలేదు. ఒక ముసలమ్మ నూతికడకు మమ్ము తానే తీసికొనిపోయి, "వానలొస్తే చేత్తో ముంచుకోవచ్చు నాయనా" యని సంతోషముతో జెప్పెను. గొయ్యి ఆ నూతికి మూడు బారల దూరములో నుండెను. కొలిచినదంతయు నొక కాగితముమీద పటముగా వ్రాసి, అడుగునీరు పైకి వచ్చు వీథులకు ఎఱ్ఱసిరా పూసి, అధికారులకు అర్జీతో గూడ నిచ్చుటకు సిద్ధము చేసితిమి. సంతకముల కొఱకు మా వీథిలోనే మొదట బయలుదేరితిని. పటమును చూచిన పెద్దమనుష్యుడొకరు, "మన వీథి యెక్కడ, మాస్టారూ?" అని యడిగిరి. పదునొకండవదని చెప్పితిని. కలము మూతపెట్టి నాచేతి కిచ్చి, ఆలోచించి చెప్పెదననిరి.